పుండుకి జీన్ మందు వచ్చిందట కదా, డాక్టరమ్మా?

పోయిన సంచికలో షుగరు పుండ్ల గురించి రాస్తూ, చివర్లో ‘జన్యువులతో చేసే వైద్యం కూడా వస్తోంది’ అని ఒక్క వాక్యం పడేసి ఊరుకున్నాను. దాని ఫలితం ఇప్పుడు నా టేబుల్ మీద కుప్పగా ఉంది. శ్రీకాకుళం నుంచి, విజయనగరం నుంచి వచ్చిన ఉత్తరాలు, వాట్సాప్ మెసేజులు చాలావాటిలో అదే ప్రశ్న. ఒకావిడ ఏకంగా ఏడురోడ్ల జంక్షన్ దగ్గర కూరగాయలు కొంటున్న నన్ను పట్టుకుని, “ఒలమ్మ, ఆ జీను మందు మీకాడుంటే ఓ సీసా ఇయ్యండి” అంది. నా దగ్గర లేదు. ఎవరి దగ్గర ఉంది, ఎవరు లేకుండానే ఉందంటున్నారు అన్నది ఈసారి కొంచెం తీరిగ్గా చెబుతాను.

నరసన్నపేట దగ్గర పల్లె నుంచి ఒక ఉపాధ్యాయుడు: డాక్టరమ్మ గారికి నమస్కారం. మా నాన్నగారికి 63 ఏళ్లు. పదిహేనేళ్లుగా షుగరు. కుడికాలి బొటనవేలి మొదట్లో, అరికాలి వైపు, రూపాయి బిళ్లంత పుండు. ఏడు నెలలైంది. రోజూ డ్రెస్సింగు చేయిస్తున్నాం, మానినట్టే మాని మళ్లీ తెరుచుకుంటోంది. నొప్పి లేదంటారు, పొలానికి వెళ్లొస్తూనే ఉన్నారు. ఒక పెద్ద ఊళ్లోని సెంటరు వాళ్లు ‘జీన్ థెరపీతో మూడు వారాల్లో పుండు మాయం’ అని వీడియో పెట్టారు. నాలుగు సిట్టింగులకి రెండు లక్షల ఎనభై వేలట. పదిహేను సెంట్ల స్థలం ఉంది, అమ్మేద్దామని నాన్నగారే అంటున్నారు. వీడియో లింకు పంపాను. అమ్మమంటారా?

జవాబు: అమ్మకండి మాష్టారూ. ముందు ఆ మాట చెప్పేస్తే మీకూ నాకూ టెన్షన్ తగ్గుతుంది.

మీరు పంపిన వీడియో మూడుసార్లు చూశాను. రెండో నిమిషం దగ్గర ఆపి చూడండి. పేషెంటు చేతి నుంచి రక్తం తీస్తున్నారు. గొట్టంలో పోసి గిర్రున తిప్పే మిషన్లో పెడుతున్నారు. పైన తేలిన పసుపుపచ్చటి నీటిని సిరంజిలోకి లాగి పుండు చుట్టూ పొడుస్తున్నారు. దాని పేరు పీఆర్పీ. మన రక్తంలోని ప్లేట్‌లెట్లనే చిక్కగా చేసి మనకే ఎక్కించడం. కొన్ని పుండ్లకి అది కాస్త సాయం చేస్తుంది, కాదనను. కానీ అందులో కొత్తగా పెట్టిన జీను ఒక్కటీ లేదు. గేదె పాలని ఆవు పాలని అమ్మినట్టు, పీఆర్పీని జీన్ థెరపీ అని అమ్ముతున్నారు.

అసలు జీన్ థెరపీ ఏమిటో చెబుతాను. మామూలు గాయమైతే ముందు రక్తం గడ్డ కడుతుంది. తర్వాత వాపు వచ్చి, క్రిముల్నీ చచ్చిన కండనీ ఊడ్చేస్తుంది. ఆ తర్వాత ఎర్రటి కొత్త కండ పుడుతుంది, చివరికి పైన చర్మం కమ్ముతుంది. షుగరు పుండు ఆ రెండో మెట్టు మీదే నెలల తరబడి కూర్చుండిపోతుంది. వాపు దిగదు. ఆ వాపులో పుట్టే ఎంజైములు కొత్త కండనీ కొరికేస్తాయి, ‘ఇక్కడ కండ పెరగాలి’ అని కణాలకి కబురు మోసే గ్రోత్ ఫ్యాక్టర్లనీ కొరికేస్తాయి. మీ నాన్నగారి పుండు మానినట్టే మాని తెరుచుకోవడానికి ఇదొక కారణం. ఇంకో కారణం ఉంది, దానికి తర్వాత వస్తాను.

ఆ గ్రోత్ ఫ్యాక్టర్‌ని బయట తయారుచేసి పుండు మీద రాస్తే? ఆ పని ఎప్పుడో చేశారు. బెకాప్లెర్మిన్ అనే జెల్‌కి అమెరికాలో 1997లోనే అనుమతి వచ్చింది. మనిషి జీనుని ఈస్టు కణాల్లో పెట్టి, వాటి చేత మన ప్రొటీన్ చేయించి, దాన్ని జెల్‌లో కలుపుతారు. ఈజీఎఫ్ అనే మరో ప్రొటీన్‌తో మన హైదరాబాద్‌లోని భారత్ బయోటెక్ ‘రీజెన్-డి’ అనే జెల్ తయారుచేసింది. ఇవన్నీ జీన్ టెక్నాలజీతో తయారైన మందులే గాని జీన్ థెరపీ కావు. జీను ఫ్యాక్టరీలోనే ఉండిపోతుంది, కాలికి అందేది ప్రొటీన్ ఒక్కటే.

జీన్ థెరపీలో ఆ ప్రొటీన్‌ని తయారుచేసే జీనునే పుండులోని కణాల్లోకి పంపిస్తారు. పొలానికి బిందెలతో నీళ్లు మోసి పోయడం జెల్ అనుకోండి, పొలంలోనే బోరు వెయ్యడం జీన్ థెరపీ. జీను వెళ్లడానికి ఒక బండి కావాలి. ఒక్కోసారి అది కోరలు పీకేసిన వైరస్, ఒక్కోసారి ప్లాస్మిడ్ అనే గుండ్రటి డీఎన్‌ఏ ముక్క. జలుబు తెచ్చే అడినోవైరస్‌లో గ్రోత్ ఫ్యాక్టర్ జీను పెట్టి, కొల్లాజెన్ జెల్‌లో కలిపి షుగరు పుండ్ల మీద అమెరికాలో పరీక్షించారు కూడా. అది మందుల షాపు గడప తొక్కలేదు. ఇవాళ్టికి షుగరు పుండుకి ఆమోదం పొందిన జీన్ థెరపీ మన దేశంలో లేదు, అమెరికాలోనూ లేదు. కాబట్టి మీకు ఎవరు అమ్ముతున్నా, లేనిదాన్నే అమ్ముతున్నారు.

ఇప్పుడు రెండు లెక్కలు చెబుతాను. బెకాప్లెర్మిన్ జెల్ పరీక్షలో 20 వారాలకి పూర్తిగా మానిన పుండ్లు నూటికి 50, మందు లేని ఉత్త జెల్ రాసినవాళ్లలో 35. ఇక 2001లో వచ్చిన మరో పరీక్ష ఉంది. అందులో ఏ గ్రోత్ ఫ్యాక్టరూ లేదు. మోకాలి కింద నుంచి వేళ్ల దాకా కాలికి అతికినట్టు గట్టి కట్టు వేసి, బరువు పుండు మీద పడకుండా చేశారు. దాన్ని టోటల్ కాంటాక్ట్ కాస్ట్ అంటాం. 12 వారాల్లో మానినవి నూటికి దాదాపు 90. అదే పరీక్షలో, అదే పని చేసే పొడుగాటి బూటు ఇచ్చినవాళ్లలో మానినవి 65. జెల్ పరీక్షా, కట్టు పరీక్షా వేర్వేరు పేషెంట్ల మీద జరిగాయి, ఒకదాని అంకెతో ఇంకోదాన్ని కొలవకూడదు. కానీ ఆ 90కీ 65కీ మధ్య తేడా చూడండి. బూటూ కట్టూ బరువు తప్పించడంలో ఇంచుమించు సమానం. కాకపోతే బూటు విప్పుకోవచ్చు.

విప్పుకోవడం అంటే ఏమిటో నాకు మా అమ్మ నేర్పింది. టెక్కలిలో ఒక్కతే ఉండేది. ఎడమ మడమ పగులు పుండయింది. నేను వారానికోసారి ఫోన్లో ఆమె షుగరు రిపోర్టు చూసేదాన్ని గాని కాలు చూపించమని అడగలేదు. సంక్రాంతికి వెళ్తే గుమ్మంలోనే వాసన తెలిసిపోయింది. అప్పటికి ఇరవై ఏళ్లుగా పుళ్లు కడుగుతున్న సర్జన్ని నేను. శుభ్రం చేశాను, పొడుగు బూటు తెప్పించాను, మంచం దిగొద్దన్నాను. నెలయినా పుండు కదల్లేదు. అడిగితే “నడవటం లేదే, నాలుగడుగులే” అనేది. ఒకరోజు అడుగులు లెక్కపెట్టే ఫోను ఆమె బొడ్లో దోపాను. పొద్దున్నే నందివర్ధనం పూలకి, పాలవాడికి, తులసికోట దగ్గరికి, పక్కింటావిడ పిలిస్తే గోడ దాకా. ఆ కాస్త దూరానికి బూటెందుకని అది మంచం కిందే ఉండేది. సాయంత్రానికి ఫోన్లో 2,316. చూపిస్తే “ఇన్నా!” అంది. మర్నాడే విప్పడానికి వీల్లేని కట్టు వేశాను. పదకొండో వారానికి చర్మం కమ్మింది.

మీ నాన్నగారి రెండో కారణం అదే మాష్టారూ. పొలం గట్టు మీద ప్రతి అడుగుకీ ఒంటి బరువంతా ఆ రూపాయి బిళ్ల మీదే పడుతోంది. మీ ఉత్తరం మొత్తంలో నాకు భయం వేసిన మాట ‘నొప్పి లేదంటారు’. నొప్పి ఉంటే కుంటుతారు, కుంటితే కాలికి కాస్త విశ్రాంతి దొరుకుతుంది. నరాలు చచ్చిపోయిన కాలికి ఆ కాపలా ఉండదు. పోయిన ఏడాది ఆమదాలవలస వైపు నుంచి ఒక రైతు వచ్చాడు, చెప్పుల్తోనే లోపలికి నడిచొచ్చాడు. చెప్పు విప్పమంటే పాదం రాలేదు. అడుగు నుంచి దిగిన మేకు చెప్పులోంచి కాలిదాకా వచ్చేసింది. “నాలుగు రోజులై చెప్పు కొద్దిగా బిగుసుకున్నట్టుంటే కొత్త చెప్పు కదా అనుకున్నాను” అన్నాడు.

కాబట్టి ఈ వారమే నాన్నగారిని ప్రభుత్వాసుపత్రి సర్జరీ ఓపీకి గాని, మీకు నమ్మకమైన సర్జన్ దగ్గరికి గాని తీసుకెళ్లండి. పాదం ఎక్స్‌రే తీయించమనండి. పుండులోకి సన్నటి లోహపు పుల్ల పెట్టి చూస్తే ఎముక తగులుతోందా అని అడగండి. తగిలితే చీము ఎముకదాకా పోయిందేమోనని అనుమానించాలి, ఏడు నెలల పుండులో నాకు మొదటి అనుమానం అదే. పాదంలో నాడి అందుతోందా, డాప్లర్ అనే స్కానులో రక్తం ఎలా ఆడుతోందో చూడాలి. పుండు చుట్టూ గట్టిపడిన ఆనెకాయని చెక్కేయాలి. చెక్కితే పుండు పెద్దదైనట్టు కనిపిస్తుంది, కంగారు పడకండి. మూడు నెలల షుగరు సగటు చెప్పే హెచ్‌బీఏ1సీ పరీక్ష చేయించండి. రక్తం బాగా ఆడుతూ, చీము లేకపోతే అప్పుడు కట్టు అడగండి. ఆసుపత్రిలో డాక్టర్ ఎన్టీఆర్ వైద్య సేవ డెస్కు ఉంటుంది, ఆ ప్రభుత్వ పథకం కింద ఏది వస్తుందో అక్కడే కనుక్కోండి. ఇవన్నీ చేసి నెల దాటినా పుండు సైజు సగానికి తగ్గకపోతే అప్పుడు జెల్ సంగతి మాట్లాడుకుందాం. ముందే జెల్ రాయడమంటే గండి పడిన మడిలోకి నీళ్లు పెట్టడమే.

జెల్ రాస్తే కాన్సర్ వస్తుందని మీ బావగారు అన్నారని చివర్లో రాశారు. బెకాప్లెర్మిన్ మీద అమెరికా 2008లో అలాంటి హెచ్చరిక పెట్టించిన మాట నిజం. తర్వాతి పరిశీలనలు చూసి 2018లో దాన్ని తీసేశారు. పుండు ఉన్నచోటే కాన్సర్ ఉంటే మాత్రం వాడకూడదు.

ఇంకొక్క మాట. రేపెవరైనా ‘మాది రీసెర్చ్, ట్రయల్’ అంటే సీటీఆర్ఐ, అంటే మందుల పరీక్షల రిజిస్ట్రీ, నంబరు అడగండి. మన దేశంలో మందుల పరీక్ష ఏదైనా ఆ రిజిస్ట్రీలో నమోదు కావాలి, ఎవరైనా ఇంటర్నెట్లో చూసుకోవచ్చు. ఎథిక్స్ కమిటీ అనుమతి కాగితం అడగండి. పరీక్షలో ఉన్న మందుకి పేషెంటు దగ్గర డబ్బు తీసుకోరు. రెండు లక్షల ఎనభై వేలు అడిగినచోట ట్రయల్ అన్న మాట వినిపిస్తే లేచి వచ్చేయండి.

పలాస దగ్గర నుంచి, జీడిపప్పు కార్ఖానాలో పనిచేసే ఒక యువతి: మా నాయనమ్మకి 70 దాటాయి. వయసులో ఉన్నప్పటి నుంచీ అడ్డపొగ. ఎడమకాలి రెండో వేలు నల్లబడింది. రాత్రిళ్లు నొప్పికి పడుకోలేక కాలు మంచం కిందికి వేలాడేసి కూర్చుంటోంది. రక్తనాళాలు మొలిపించే జీన్ ఇంజెక్షన్ జపాన్‌లో ఉందని మా తమ్ముడు ఫోన్లో చూపించాడు. ఇక్కడ దొరుకుతుందా?

జవాబు: అమ్మా, మీ ఉత్తరం చూసిన రోజే పత్రిక వాళ్ల చేత మీకు ఫోన్ చేయించాను. ఇలాంటి కాలు సంచిక అచ్చయ్యేదాకా ఆగదు. ఈ జవాబు మిగతావాళ్ల కోసం.

అడ్డపొగ అంటే, మన తీరం వైపు ఆడవాళ్లు చుట్ట నిప్పున్న కొసని నోట్లో పెట్టుకుని పీల్చడం, బయటి డాక్టర్లకి చెబితే నమ్మరు. అంగిట్లో కాన్సర్ తెస్తుందని దాని మీద మన ప్రాంతంలోనే పరిశోధనలు జరిగాయి. కాళ్ల సంగతి ఎవరూ అంతగా చెప్పరు. పొగ ఎటునుంచి పీల్చినా రక్తనాళాల్ని సన్నబరుస్తుంది. వంశధార కాలవ కింద శివారు పొలాలవాళ్లకి నేను చెప్పక్కర్లేదు, పైన నీళ్లు తగ్గితే ముందు ఎండేది వాళ్ల మడే. ఒంట్లో శివారు పొలాలు కాలివేళ్లు. కాలు కిందికి వేలాడేస్తే నొప్పి తగ్గుతోందంటే పల్లానికి నాలుగు చుక్కలు దిగుతున్నాయని అర్థం. అది షుగరు పుండులాంటి పుండు కాదు, అంతకన్నా తొందరపడాల్సింది.

మీ తమ్ముడు చూసింది అబద్ధం కాదు, పాత వార్త. హెచ్‌జీఎఫ్ అనే గ్రోత్ ఫ్యాక్టర్ జీనుని ప్లాస్మిడ్‌లో పెట్టి కాలి కండకి ఇచ్చే ఇంజెక్షన్‌కి, అచ్చం ఇలాంటి పుండ్ల కోసమే, 2019 మార్చిలో జపాన్ షరతులతో, గడువు పెట్టి అనుమతి ఇచ్చింది. పేరు కొల్లాటెజీన్. గడువులోగా ఎక్కువమంది మీద వాడి ఫలితం చూపించాలి. చూపించలేకపోయారు. 2024లో కంపెనీయే దరఖాస్తు వెనక్కి తీసుకుంది. అంతకుముందు ఎఫ్‌జీఎఫ్ అనే వేరే జీనుతో ఇంకా పెద్ద పరీక్ష జరిగింది. 30 దేశాల్లో 525 మంది పేషెంట్లు. 2011లో ఫలితాలు వచ్చాయి. ఇంజెక్షన్ తీసుకున్నవాళ్లకీ ఉత్త ఇంజెక్షన్ తీసుకున్నవాళ్లకీ కాలు పోవడంలోగాని ప్రాణం పోవడంలోగాని తేడా లేదు. ఆ ఫలితం చదివిన రోజు నాకు నిజంగానే దిగులేసింది. అంతకుముందు చిన్న పరీక్షల్లో మంచి ఫలితం కనిపించింది, ఇక వేళ్లు తీసే పని తగ్గుతుందని మా సర్జన్లం చాలామందిమి ఆశపడ్డాం.

నాయనమ్మకి ఇప్పుడు కావలసింది మూసుకుపోయిన కాలవని తెరవడం. డాప్లర్ స్కాను, యాంజియోగ్రాం, కుదిరితే బెలూన్ వేసి తెరవడం, కుదరకపోతే బైపాస్. రక్తనాళాల సర్జన్ ఉన్నచోటికే, అంటే విశాఖ దాకా వెళ్లాలి. ఈలోగా ఆ వేలికి వేడినీళ్ల కాపడం పెట్టొద్దు, నానబెట్టొద్దు, ఇంట్లో కత్తెర ముట్టించొద్దు. పొడిగా, మెత్తటి గుడ్డ చుట్టి ఉంచండి. చుట్ట ఈ రోజే ఆగాలి. “పళ్లూడిపోయాక ఇప్పుడేటి మానేది” అంటుంది, నాకు తెలుసు. కాలు తీస్తారని భయపెట్టకండి, ‘రాత్రికి పడుకోగలవు’ అని చెప్పి చూడండి. నా అనుభవంలో ఆ మాటకే ఎక్కువమంది మానారు.

బొబ్బిలి వైపు పల్లె నుంచి ఒక తల్లి: మా బాబుకి నాలుగేళ్లు. పుట్టినప్పటి నుంచి ఒళ్లు ఎక్కడ రాసుకుంటే అక్కడ నీటిపొక్కు లేచి తోలు ఊడిపోతుంది. మోచేతులు, మోకాళ్లు ఎప్పుడూ పచ్చిగానే ఉంటాయి. వేళ్లు ఒకదానికొకటి అతుక్కుంటున్నాయి. మాది మేనరికం. ఎపిడెర్మోలిసిస్ బుల్లోసా అని రాసిచ్చారు, మందు లేదన్నారు. ఊళ్లో అమ్మవారి కోపమంటున్నారు. మీరు జీన్ వైద్యం అని రాసింది చూసి ఆశ పుట్టింది.

జవాబు: తల్లీ, ఈ నెల వచ్చిన ఉత్తరాల్లో ‘అవును, ఉంది’ అని నేను చెప్పగలిగింది మీ ఒక్కరికే. అదే సమయంలో చెప్పడానికి అన్నిటికన్నా కష్టమైన జవాబూ ఇదే.

మన పై చర్మాన్ని కింది చర్మానికి పట్టి ఉంచే సన్నటి దారాలు ఉంటాయి. కొల్లాజెన్ 7 అనే ప్రొటీన్‌తో అవి తయారవుతాయి. ఆ ప్రొటీన్ జీనులో లోపముంటే దారం ఉండదు, కాస్త రాపిడికే రెండు పొరలూ విడిపోతాయి. వేళ్లు అతుక్కుంటున్నాయంటే మీ బాబుది ఈ రకమే అయ్యుండొచ్చు, పరీక్ష చేస్తేగాని ఖాయంగా చెప్పలేం. అమ్మవారికీ దీనికీ సంబంధం లేదు. మీ తప్పు, మీ ఆయన తప్పు కూడా ఏమీ లేదు. ఈ రకమే అయితే ఇద్దరిలోనూ చెరొక లోపమున్న జీను దాగి ఉండి, బాబుకి రెండూ వచ్చుంటాయి. మేనరికంలో అలా కలిసే అవకాశం ఎక్కువ.

ఈ రకానికి వైజువెక్ అనే మందుకి 2023 మేలో అమెరికా అనుమతి ఇచ్చింది. పెదవి చివర పొక్కులు తెచ్చే హెర్పిస్ వైరస్‌ని పెరగకుండా చేసి, అందులో మంచి కొల్లాజెన్ జీను పెట్టి, జెల్‌లో కలిపారు. సూది లేదు, ఆపరేషన్ లేదు. వారానికోసారి పుండు మీద చుక్కలు చుక్కలుగా, ముగ్గుకి చుక్కలు పెట్టినట్టు వరసగా వేస్తారు. 31 మంది మీద చేసిన పరీక్షలో ఒక్కో పేషెంటుకీ రెండు పుండ్లు ఎంచుకుని, ఒకదానికి మందు, ఇంకోదానికి ఉత్త జెల్ వేశారు. ఆరు నెలలకి పూర్తిగా మానినవి మందు వేసినవాటిలో 67 శాతం, ఉత్త జెల్ వేసినవాటిలో 22 శాతం. ఇది జీన్ థెరపీ పుండు మీద నిజంగా పనిచేసిన చోటు. షుగరు పుండులో ఎన్నో తప్పులు ఒకేసారి జరుగుతాయి, ఇక్కడ తప్పు ఒక్కటే, ఏ జీనో తెలుసు, దాన్నే ఇస్తున్నారు.

2025 ఏప్రిల్లో ఇంకోటి వచ్చింది, జెవాస్కిన్. పేషెంటు చర్మం చిన్న ముక్క తీసి, ల్యాబులో ఆ కణాల జీను సరిచేసి, పేజీల్లా పెంచి, పుండ్ల మీద అతికిస్తారు. ఈ దారి కొత్తదేమీ కాదు. ఇదే జబ్బులో మరో రకం ఉన్న ఏడేళ్ల సిరియా బాబుకి 2015లో జర్మనీ డాక్టర్లు ఇటలీలో పెంచిన అలాంటి చర్మాన్ని ఒంటి మీద దాదాపు 80 శాతం మేర వేశారు. ఆ పిల్లవాడు బతికి, బడికి వెళ్లాడు.

ఇక కష్టమైన మాట. వైజువెక్ ఒక్క సీసా 24 వేల డాలర్ల పైమాట, వారం వారం కావాలి. జెవాస్కిన్ ధర 31 లక్షల డాలర్లు. ఇల్లూ పొలమూ అమ్మినా అందేవి కావు, అమ్మొద్దు కూడా. ‘తెప్పిస్తాం’ అని ఎవరైనా అడ్వాన్సు అడిగితే ఒక్క రూపాయి ఇవ్వకండి.

మరి ఏం చెయ్యాలి? హైదరాబాద్ నిమ్స్‌లో జెనెటిక్స్ విభాగం ఉంది. బాబుని తీసుకెళ్లి ఏ జీనులో లోపమో తేల్చే రక్తపరీక్ష చేయించండి. ఆ కాగితం రెండిటికి పనికొస్తుంది. రేపు ట్రయల్ గాని, సాయం గాని వస్తే ముందు అడిగేది అదే. మీరు మళ్లీ బిడ్డని కనాలనుకుంటే నాలుగింట ఒక వంతు ఇదే జబ్బు వచ్చే అవకాశం ఉంది, ఆ కాగితం ఉంటే కడుపులో ఉండగానే పరీక్ష చేసి చెప్పగలరు.

ఇంట్లో చెయ్యాల్సింది నాకు ఒక తల్లి దగ్గర చూసి అలవాటైంది. ఆవిడ పొక్కు పెరగక ముందే శుభ్రమైన సూదితో రెండు పక్కలా పొడిచి, నీరు పోనిచ్చి, పైతోలు మాత్రం తీయకుండా అలాగే పరిచేసేది. దాని మీద అంటుకోకుండా పారఫిన్ పట్టించిన గాజ్ గుడ్డ, పైన మెత్తటి కట్టు. ప్లాస్టరు ఎప్పుడూ ఒంటికి తగలనిచ్చేది కాదు. వేళ్ల మధ్య విడివిడిగా ఆ గుడ్డ చుట్టేది. పిల్లవాడి చొక్కాని తిరగేసి తొడిగేది, కుట్లు బయటికి ఉండేలా. ఆ చివరిది నేను ఏ పుస్తకంలోనూ చదవలేదు.

చీపురుపల్లి నుంచి బైపీసీ విద్యార్థిని: ఇలా ఎక్కించిన జీను తర్వాత పిల్లలకి కూడా వస్తుందా? పెరుగు బాక్టీరియాతో పుండ్లు మాన్పుతారని మా లెక్చరర్ అన్నారు, నిజమా?

జవాబు: మొదటిదానికి, రాదు. వైజువెక్‌లోని జీను చర్మకణం కేంద్రకంలోకి వెళ్తుంది గాని మన క్రోమోజోముల్లో అతుక్కోదు. ఆ కణం రాలిపోతే అదీ పోతుంది, అందుకే మళ్లీ మళ్లీ వెయ్యాలి. జెవాస్కిన్‌లో జీను క్రోమోజోములో అతుక్కుంటుంది, కానీ చర్మకణాల్లోనే. అండంలోకో వీర్యకణంలోకో వెళ్లదు.

రెండోదానికి మీ లెక్చరర్ గారికి నా నమస్కారం చెప్పు. పాల పదార్థాలు తోడుపెట్టడానికి వాడే లాక్టోకాకస్ బాక్టీరియాలో మూడు మానవ ప్రొటీన్ల జీన్లు పెట్టి, షుగరు పుండ్ల మీద తొలిదశ పరీక్షలు చేశారు. బాక్టీరియా పుండు మీద కూర్చుని ఆ మూడు ప్రొటీన్లనూ తయారుచేస్తూ ఉంటుందన్నమాట. నాకు ఈ ఆలోచన చాలా నచ్చింది. కానీ ఇది చదివి ఎవరూ ఇంట్లో పెరుగు తెచ్చి పుండు మీద రాయకండి. ఆ బాక్టీరియా వేరు, మన కుండలోది వేరు.

నెల్లిమర్ల నుంచి, జూట్ మిల్లులో ముప్పై ఏళ్లు నిలబడి పనిచేసిన ఒకాయన: కాలి లోపలి చీలమండ పైన పుండు, చుట్టూ నల్లగా, నరాలు ఉబ్బి ఉన్నాయి. రెండేళ్లైంది. నాకు జీన్ మందు వాడొచ్చా?

జవాబు: మీకు అక్కర్లేదండీ. మీరు రాసిన గుర్తుల్ని బట్టి అది వెరికోస్ పుండు. రక్తం పైకి ఎక్కక కిందే నిలిచిపోవడం వల్ల వచ్చింది. ముందు డాప్లర్ చేయించి, కాలికి రక్తం తెచ్చే ధమనులు బాగున్నాయని తేల్చుకోండి. బాగుంటే వేళ్ల నుంచి మోకాలి దాకా గట్టి పొరల కట్టు, పడుకున్నప్పుడు కాలు గుండె కన్నా ఎత్తులో. తర్వాత ఉబ్బిన ఆ రక్తనాళానికి లేజర్ చేయించుకుంటే మళ్లీ రావడం తగ్గుతుంది. ధమనులు చూడకుండా బిగించి కట్టకండి, అంతే.

రాజాం నుంచి ఒక గృహిణి: పుండు ఉన్నప్పుడు పప్పు, గుడ్డు తింటే చీము పడుతుందని మా అత్తగారు మా ఆయనకి పెట్టనివ్వడం లేదు. కారప్పొడి, చారు అన్నమే. జీన్ మందులు దేవుడెరుగు, ఇది చెప్పండి.

జవాబు: మీ ఉత్తరం చదివి నవ్వుకున్నాను, తర్వాత కోపం వచ్చింది. పత్యం పేరుతో మన ఇళ్లలో పుండున్న మనిషిని పస్తు పెడతారు. కొత్త కండ ప్రొటీన్‌తోనే పుడుతుంది. చీము క్రిముల వల్ల పడుతుంది, కందిపప్పు వల్ల కాదు. పప్పు, గుడ్డు, చేప పెట్టండి. అత్తగారితో ‘డాక్టరమ్మ మందు కింద రాసింది’ అనండి, పత్యం మాట వినేవాళ్లు చీటీ మాట కూడా వింటారు. ఉద్దానం వైపువాళ్లు, కిడ్నీ జబ్బు ఉన్నవాళ్లు మాత్రం ప్రొటీన్ ఎంత తినాలో వాళ్ల డాక్టర్ని అడిగే పెంచాలి.

విజయనగరం నుంచి ఒక రిటైర్డ్ ఉద్యోగి: షుగరు పుండు మాని నెలన్నర అయింది. పుండు మానితే చెప్పుల్లేకుండా నడిచి రథసప్తమికి అరసవల్లి వస్తానని మొక్కుకున్నాను. రావచ్చా?

జవాబు: రండి, కాని అలా కాదు. మానిన చర్మం పాత చర్మమంత గట్టిది కాదు. మానిన షుగరు పుండ్లలో నూటికి 40 ఏడాది తిరక్కుండానే మళ్లీ వస్తాయి. రథసప్తమి నాటి క్యూలో గంటల తరబడి వట్టి కాళ్లతో నిలబడితే మీకు బొబ్బ లేచినా తెలియదు. బస్సులో శ్రీకాకుళం దాకా చెప్పులతో రండి. పండగ కాని రోజు, తెల్లవారుజామున, బండలు వేడెక్కకముందు గుళ్లోకి వెళ్లండి. లోపల నడిచేది ఎలాగూ వట్టి కాళ్లతోనే, స్వామికి ఆ లెక్క సరిపోతుందని పూజారి గారితో చెప్పించుకోండి. బయటికి రాగానే నీడలో కూర్చుని, ఒక చిన్న అద్దం కింద పెట్టి అరికాలు చూసుకోండి. ఎర్రగా ఏమైనా కనిపిస్తే తిరుగు బస్సు ఎక్కకుండా నేరుగా మా క్లినిక్కుకి వచ్చేయండి. ప్రసాదం మాత్రం మర్చిపోకండి.